వందనం అంటే నేనే

ఆ రోజుల్లో పిల్లవాడికి పేరు పెట్టేటప్పుడు పిల్లవాణ్ణి తప్ప అందరినీ అడిగేవారు. (ఈ రోజుల్లోనూ అంతే అనుకోండి. కాకపోతే ఇప్పుడు ఫోన్‌ని కూడా అడుగుతున్నారు.) మేనత్త ఒకటంటే మేనమామ ఇంకొకటనేవాడు, చివరికి ఇంట్లో ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళ మాటే ఖాయమయ్యేది. మా ఇంట్లో అందరికంటే పెద్ద గొంతు మా నాయనమ్మది. చండ్రుగొండ దగ్గర మా ఊళ్ళో ఆదివారం పూట చర్చిలో మైకు పాడైతే పాస్టరయ్యగారు ఏమాత్రం కంగారు పడేవారు కాదు, నాయనమ్మను ముందు వరసలోకి పిలిచి పాట ఎత్తుకోమనేవారు. ఆ గొంతుతో ఆవిడ నాకు పెట్టిన పేరు వందనం. అవునండీ, అదే పేరు. మీరిప్పుడు మనసులో నాకు తిరిగి వందనం చెప్పేసి ఉంటే అందులో మీ తప్పేమీ లేదు. అలా చెప్పనివాళ్ళు నాకింకా తారసపడలేదు.

మా క్రైస్తవ కుటుంబాల్లో ఇలాంటి పేర్లు వింతేమీ కాదు. కరుణ, సువార్త, దీవెన అని మా వాడలోనే బోలెడుమంది ఉన్నారు. అయితే వాళ్ళకు లేని చిక్కు నాకొకటి ఉంది. మాలో ఒకరికొకరు ఎదురైతే చేతులు జోడించి “వందనాలు” అనుకోవడం అలవాటు. అంటే నా పేరు నేను పుట్టకముందు నుంచే జనం నోట్లో వేరే పనిమీద ఉందన్నమాట. నాయనమ్మ మాత్రం దాన్ని చూసుకుని మురిసిపోయేది. “నిన్ను పిలిచినప్పుడల్లా దేవునికి దండం పెట్టినట్టే కదరా! ఒక్క మాటతోని రెండు పనులు అయితయ్” అనేది. నా అల్లరి పెరిగినకొద్దీ ఆవిడ భక్తి కూడా పెరిగేది. చింతచెట్టెక్కి నేను దిగకపోతే, పావుగంటలో మా పాస్టరయ్యగారికి వారమంతా పట్టేటన్ని వందనాలు దేవుడికి ముట్టేవి.

హైస్కూల్లో కృష్ణా జిల్లా నుంచి కొత్తగా ఒక తెలుగు సారు వచ్చారు. మొదటిరోజు హాజరు పిలుస్తూ, నా దగ్గరికొచ్చేసరికి తలెత్తి గంభీరంగా “వందనం” అన్నారు. క్లాసంతా ఒక్కసారిగా లేచి నిలబడి చేతులు జోడించి “వందనం సార్!” అంది. సారు కళ్ళు చెమర్చాయి. “కూర్చోండి నాయనా, కూర్చోండి. ఈ ఊరి పిల్లల మర్యాదే వేరు” అని, ఆ సంతోషంలో నాకు ఆబ్సెంటు వేసి తరవాతి పేరుకు వెళ్ళిపోయారు.

ఇదంతా ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ నవ్వులాటగానే సాగింది. డిగ్రీ అయ్యాక ఖమ్మంలో ఒక మోటారు సైకిళ్ళ షోరూంలో సేల్స్ ఉద్యోగం దొరికింది. మా మేనేజరును అందరూ చాటుగా మైలేజీ సారు అనేవాళ్ళం, ఎందుకంటే ఆయన ఇడ్లీ తిన్నా సరే “మధ్యాహ్నం దాకా మైలేజీ ఇస్తది” అనే తినేవాడు. బండి చూసి వెళ్ళినవాళ్ళకు ఫోన్లు చేసి మళ్ళీ రప్పించడం నా పని. ఫోనెత్తగానే ముందు మన పేరు చెప్పాలని రూలు. ఒకరోజు పినపాక నుంచి వచ్చి బండి చూసి వెళ్ళిన ఒకాయనకు ఫోన్ చేశాను.

“హలో సార్, షోరూం నుంచి వందనం.”

“ఆఁ, వందనం. ఎవరూ?”

“వందనం, సార్.”

“వందనమయ్యా. చెప్పు, మాట్లాడేది ఎవరు?”

“వందనమే సార్ మాట్లాడేది.”

“అరే! ఎన్నిసార్లు పెడ్తవయ్యా దండం? బండి ఇప్పుడు తీసుకోనని చెప్పిన కదా! నువ్వు కాళ్ళు మొక్కినా తీసుకోను” అని పెట్టేశాడు.

ఇంతలో షోరూం ఎలా నడుస్తోందో చూడడానికి యజమాని వచ్చారు. వాళ్ళ తాతలు కోస్తా నుంచి వచ్చి సత్తుపల్లి వైపు భూములు కొనుక్కుని స్థిరపడ్డ రైతులు. మనిషి మంచివాడే, కానీ ఓపిక బొత్తిగా తక్కువ. మమ్మల్నందరినీ వరసగా నిలబెట్టి పేర్లడుగుతూ నా ముందుకొచ్చారు. “నీ పేరేంటయ్యా?” అన్నారు. “వందనం సార్” అన్నాను. “సంతోషం. పేరు?” అన్నారు. “వందనం సార్” అన్నాను. “ఆఁ, వందనం, వందనం. పేరు చెప్పవయ్యా బాబూ!” అన్నారు. నేనేం చెయ్యను, ఉన్నది ఒకటే పేరు, మళ్ళీ అదే చెప్పాను. ఆయన మైలేజీ సారు వైపు తిరిగి, “కుర్రాడికి వినయం ఎక్కువ, వినికిడి తక్కువలా ఉంది. వీణ్ణి కస్టమర్ల ముందు పెట్టకండి” అని ముందుకు నడిచారు. సంగతి తరవాత మైలేజీ సారు విప్పి చెప్పాడో లేదో తెలియదు గానీ, మర్నాటి నుంచి నన్ను వెనక షెడ్డులో బళ్ళు కడిగేచోట టోకెన్లిచ్చే పనిలో వేశారు. బళ్ళు పేరు అడగవు కదా!

“నువ్వు మంచి పనోనివే” అన్నాడు మైలేజీ సారు, జాలిగా. “గానీ గీ పేరుతోని నీకు మైలేజీ రాదు. పేరు మార్చుకో, మల్ల సేల్స్‌లకు తీసుకుంట.”

ఖమ్మంలో నేను మా పెద్దమ్మ కూతురి ఇంట్లో ఉండేవాణ్ణి. సాయంత్రం విషయం చెబితే, అక్క వంకాయలు తరుగుతూనే నాకో పేరు ఖాయం చేసేసింది: రిత్విక్. “అర్థం ఏందక్కా?” అన్నాను. “అర్థం ఎవడడుగుతడ్రా! విను ఒక్కసారి. రిత్విక్! ఒక్క కిక్కుకు బండి స్టార్టయినట్టు లేదూ?” అంది. నిజమే, అలాగే ఉంది. (దాని అర్థం యజ్ఞం చేయించేవాడని చాన్నాళ్ళకు ఎవరో చెప్పారు. అప్పటికి గెజిట్‌లో అచ్చయి కూర్చుంది. చర్చి ముందు వరసలో పాట ఎత్తుకునే ఆవిడ మనవడికి మా అక్క పెట్టిన పేరది.)

పేరు మార్చుకోవడమంటే మాటలు కాదని తిరగడం మొదలుపెట్టాక తెలిసింది. ముందు అఫిడవిట్ కోసం కోర్టు దగ్గర నోటరీ లాయరుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన కళ్ళద్దాల మీదుగా చూసి “పేరు?” అన్నారు. “వందనం సార్” అన్నాను. “వందనం, వందనం. కూసో. పేరేంది?” అన్నారు. “అదే సార్, వందనం.” “అవ్, పెట్టినవ్ కదయ్యా, పేరు చెప్పు.” నేను నిట్టూర్చి, “నా పేరే వందనం సార్” అన్నాను. ఆయన కలం కింద పెట్టేశారు. “ఎందుకు మార్చుకుంటున్నవ్?” అన్నారు. “ఇందుకే సార్” అన్నాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వి, ఇంత బలమైన కారణం ఈ టేబుల్ మీదికి ఎన్నడూ రాలేదని, టీ తెప్పించి మరీ స్టాంపు వేశారు. తరవాత పేపర్లలో ప్రకటన, ఆ తరవాత గెజిట్, ఆ వెనకే ఆధార్, సర్టిఫికెట్లు. ఒక్కోచోట ఒక్కో రుజువు అడిగేవారు. నేను నేను కానని ఒకచోట, నేను నేనేనని ఇంకోచోట నిరూపించుకుంటూ ఆ ఎండాకాలమంతా గడిపాను.

అన్నిటికీ ధైర్యం ఉంది గానీ, నాయనమ్మ దగ్గర మాత్రం లేదు. అమ్మ ముందే హెచ్చరించింది: “నీ కష్టం నాకు తెలుసు బిడ్డా, మార్చుకో. గానీ ఆమెకు తెల్వనియ్యకు. ఆ పేరు మీద పానం ఆమెకు. తెలిస్తే ముద్ద ముట్టది.” నిజంగానే భయపడ్డాను. నాయనమ్మకు ఆస్తులూ నగలూ ఏమీ లేవు. ఊళ్ళో ఆవిడ గొప్పగా చెప్పుకునేవి రెండే, ఒకటి తన పాట, రెండోది నా పేరు. చదువు రాని మనిషి పెట్టిన పేరును చదువుకున్న మనవడు సిగ్గుపడి తీసి పారేశాడని తెలిస్తే ఆవిడ మొహం ఎలా ఉంటుందో తలచుకోవడానికే నాకు మనసొప్పేది కాదు. పేపర్లో ప్రకటన వచ్చిన రోజు పొద్దున్నే మొదటి బస్సుకు ఊరికెళ్ళి, ఊరి మొత్తానికీ పేపరొచ్చే ఒకే ఒక్క టీ హోటల్లో కూర్చుని, ఆ పేజీ మీద నా టీ మొత్తం ఒలకబోసి వచ్చాను. హోటలాయన తిట్టిన తిట్లు కూడా పాత పేరు మీదే తిట్టాడు.

అలా నేను రిత్విక్‌నయ్యాను. మళ్ళీ సేల్స్‌లోకి వచ్చాను, చొక్కాకు కొత్త పేరున్న బిళ్ళ పెట్టుకున్నాను. చిక్కల్లా ఏమిటంటే, ఆ సంగతి గవర్నమెంటుకు తెలిసింది గానీ నా చెవులకు తెలియలేదు. మైలేజీ సారు “రిత్విక్!” అని కేకేస్తే, ఆ రిత్విక్ ఎవడా అని అందరితోపాటు నేనూ అటూ ఇటూ చూసేవాణ్ణి. “ఇంతకుముందు నువ్వు చెప్తే మందికి సమజ్ కాకపోయేది, ఇప్పుడు మంది పిలిస్తే నీకు సమజ్ కావట్లే. ఏం మనిషివయ్యా!” అని ఆయన నెత్తి కొట్టుకునేవాడు. నాకు అలవాటు చెయ్యాలని అక్క వంటింట్లోంచి ఉన్నట్టుండి “రిత్విక్!” అని అరిచేది. నేను పలికేవాణ్ణి కాదు. మా బావ మాత్రం పాపం ఉలిక్కిపడేవాడు. చివరికి అక్క “రిత్విక్, అన్నం!” అనడం మొదలుపెట్టింది. దానికి వెంటనే వెళ్ళేవాణ్ణి. కొత్త పేరులో నాకు ముందుగా అలవాటైన ముక్క అన్నమే.

ఫోన్లు మాత్రం సాఫీగా నడిచాయి. “రిత్విక్ మాట్లాడుతున్నాను” అంటే “చెప్పండి రిత్విక్ గారూ” అనేవాళ్ళు. నేను గారునైపోయాను! ఆ ఊపులో పినపాక ఆయనకు మళ్ళీ ఫోన్ చేశాను. ఆయన అంతా విని, “బండి తీసుకుంట గానీ, మీ దగ్గర ఒక పోరడు ఉండె కదా, ఊకె దండాలు పెడ్తుండె. పాపం, ఆ రోజు గట్టిగ అన్న. ఉన్నడా?” అన్నాడు. “లేడండీ” అన్నాను. “అయ్యో, తీసేసిండ్రా? మంచి పోరడు. తీసుకుంటే ఆ పోరని చేతుల మీద తీసుకోవాలె, ఆయనకు మంచి పేరు రావాలె అనుకున్న” అన్నాడు. మంచి పేరు కోసమే కదండీ ఆయన వెళ్ళిపోయింది అని నోటిదాకా వచ్చింది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆ వందనం మీద నాకు అసూయగా ఉంది. నాకోసం అలా అడిగేవాళ్ళు ఎవరూ లేరు మరి.

వర్షాలు మొదలయ్యాక ఒకరోజు నాయనమ్మ చెప్పాపెట్టకుండా ఖమ్మం వచ్చింది. కళ్ళ దవాఖానాలో చూపించుకోవడానికి ఊరివాళ్ళెవరో వస్తుంటే వాళ్ళతో బస్సెక్కి, పని కాగానే, “మా మనవని షోరూం కాడ దింపుండ్రి” అందట. వాళ్ళు దింపి వెళ్ళిపోయారు. ముందు బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి కొత్తగా చేరింది, ఆమెకు నేను రిత్విక్‌గానే తెలుసు. నేను లోపల ఒక కస్టమరును బండి మీద కూర్చోబెట్టి గేర్లు వివరిస్తున్నాను.

“వందనం బిడ్డా” అంది నాయనమ్మ.

“వందనాలు అవ్వా. కూసో. ఏం కావాలె?”

“వందనం కావాలె.”

ఆ పిల్ల తాను సరిగ్గా చెప్పలేదేమోనని కుర్చీలోంచి లేచి రెండు చేతులూ జోడించి మరీ, “వందనాలు అవ్వా. ఇప్పుడు చెప్పు, ఎవర్ని కలవాలె?” అంది.

“వందనాన్నే బిడ్డా. మా మనవడు. గీడనే చేస్తడు.”

“ఆ పేరుతోని ఇక్కడ ఎవ్వరు లేరు అవ్వా.”

నాయనమ్మ గుండె జారిపోయిందట. ఉద్యోగం పోయిందా, మాతో అబద్ధం చెప్పి ఎటైనా వెళ్ళిపోయాడా అని. మైలేజీ సారు ఇదంతా చూసి, “రిత్విక్! ఓ రిత్విక్! గీ అవ్వ సంగతేందో చూడు” అని కేకేశాడు. నేను గేర్లలోనే ఉన్నాను. ఇంకోసారి కేకేశాడు. నేను తల తిప్పలేదు. అప్పుడు నాయనమ్మ, మైకు పాడైన ఆదివారం నాటి గొంతుతో, “ఒరే వందనం! యాడున్నవ్ రా!” అంది. షోరూం అద్దాలు అదిరాయి. “ఆఁ, వస్తున్న నాయనమ్మా!” అని కస్టమరును బండి మీదే వదిలేసి పరుగెత్తుకుంటూ వచ్చి ఆవిడ ముందు నిలబడ్డాను. షోరూమంతా నోరు తెరిచి చూస్తోంది. ముందు బల్ల అమ్మాయి మెల్లగా, “రిత్విక్ సార్, వందనం అంటే మీరేనా?” అంది.

నాయనమ్మ ఆ అమ్మాయినీ, నా చొక్కా మీది బిళ్ళనూ, నా మొహాన్నీ మార్చి మార్చి చూసింది. ఇక దాచడానికేం మిగిలింది! మైలేజీ సారును అడిగి, ఆవిడను బస్టాండు దగ్గర టీ కొట్టుకు తీసుకెళ్ళి, బల్ల మీద కూర్చోబెట్టి చెప్పేశాను.

“నాయనమ్మా, పేరు మార్చుకున్న.”

“ఏమని?”

“రిత్విక్.”

“ఉత్తిగనా?”

“ఉత్తిగ కాదు నాయనమ్మా, రిత్విక్.”

“నేనూ అదే అంటున్న. ఏ కారణం లేకుంట ఉత్తిగ పేరు ఎట్ల మారుస్తవురా?” (మా వైపు ఉత్తిగ అంటే ఊరికే అని. అక్క ఎంచిన పేరులో కిక్కు స్టార్టయిన చప్పుడే విన్నాం గానీ, ఇదొకటి ఉందని మాకిద్దరికీ తట్టలేదు.)

ఫోన్ల సంగతీ, యజమాని సంగతీ, షెడ్డు సంగతీ అన్నీ చెప్పాను. అయినా ఆవిడ మొహం విప్పారకపోతే, బైబిల్లోకి దిగాను. “అబ్రాము అబ్రాహాము కాలేదా? సీమోను పేతురు కాలేదా? పేరు మార్చుకున్నోళ్ళే పెద్దోళ్ళయిండ్రు కదా నాయనమ్మా!”

“వాళ్ళకు దేవుడు మార్చిండు. నీకు ఎవరు మార్చిండ్రు?”

“గవర్నమెంటు.”

“ఓహో” అంది. వేడి టీ గ్లాసు కొంగుతో పట్టుకుని, తాగకుండా దానిలోకే చూస్తూ కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిన ఉద్యోగం, ఎందుకొచ్చిన పేరు అనిపించింది. “నువ్వు వద్దంటే మల్ల మార్చుకుంట నాయనమ్మా” అన్నాను. ఆవిడ భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని చెయ్యి పట్టుకుంటే, ఆవిడ నవ్వుతోంది! కళ్ళలో దవాఖానావాళ్ళు వేసిన మందు నీళ్ళుగా కారుతుంటే, పళ్ళు లేని నోటితో పగలబడి నవ్వుతోంది.

“నీ పేరు నేను పెట్టలేదురా!” అంది.

నేను పుట్టినప్పుడు మా అమ్మ బతకడం కష్టమన్నారట. మిషను దవాఖానా వరండాలో నేల మీద కూర్చుని నాయనమ్మ ప్రార్థన చేస్తూనే ఉందట. “తెల్లారంగ సిస్టరమ్మ వచ్చింది. కేరళామె, తెలుగు అప్పుడప్పుడే నేర్సుకుంటుండె. తల్లీ పిల్లడూ ఇద్దరూ మంచిగున్నరని చెప్పి, ‘పేరు?’ అన్నది. నీ పేరు అడిగిందో, నా పేరు అడిగిందో ఎవలికెరుక! రెండు చేతులు జోడించి ‘వందనం సిస్టరమ్మా, వందనం’ అన్న. ‘ఆఁ, వందనం’ అనుకుంట పోయింది. కాసేపటికి ‘వందనం బేబీ ఎక్కడ’ అనుకుంట వచ్చి నీకు సూదేసింది. సాయంత్రానికి వార్డంత వందనం, వందనం అనవట్టె.”

“మరి కాదని చెప్పలేదా?”

“ఎట్ల చెప్త? నిన్నూ మీ అమ్మనూ బతికించిన చెయ్యి. నువ్వు తప్పు విన్నవని ఆమె మొకం మీద అంటనా? ఇంటికొచ్చినంక మీ తాత ‘గీ పేరు ఎవలు పెట్టిండ్రే’ అంటే నేనే అన్న. అసలు సంగతి చెప్తే ఆయన ఊరంత తిరిగి నవ్వుతుండె.”

నేను పేరు చెబితే జనం దండమనుకోవడమే ఇన్నాళ్ళూ నా బాధ. తీరా చూస్తే, ఆవిడ దండం పెడితే పేరనుకోవడం వల్ల పుట్టిన పేరది. “మరి నువ్వు పెడదామనుకున్న పేరేంది నాయనమ్మా?” అన్నాను. ఆవిడ చల్లారిన టీ ఒక గుక్క తాగి, గర్వంగా చెప్పింది.

“స్తోత్రం.”

మా చర్చిలో ప్రార్థన జరుగుతుంటే ప్రతి మాట వెనకా అందరూ కలిసి “స్తోత్రం, స్తోత్రం” అంటారు. ప్రతి ఆదివారం నేనెన్నిసార్లు లేచి నిలబడాల్సి వచ్చేదో తలచుకుని, ఎక్కడున్నారో తెలియని ఆ కేరళ సిస్టరమ్మకు బస్టాండులోనే చేతులు జోడించాను.

బస్సెక్కేముందు నాయనమ్మ తన తీర్పు చెప్పింది. “కాయితాలల్ల నీ ఉత్తిగనే ఉండనీ. బువ్వ పెట్టే పేరును కాదనొద్దు. గానీ నాకు నోరున్నన్ని దినాలు వందనం అనే పిలుస్త. పలుకుతవా?”

“పలుకుత” అన్నాను.

పలికాను కూడా. చివరి రోజుల్లో ఆవిడకు మనుషులు ఆనడం తగ్గిపోయింది. మంచం దగ్గరికి ఎవరొచ్చినా, ఎవరూ రాకపోయినా, “వందనం” అంటుండేది. నన్ను పిలుస్తోందో, వచ్చినవాళ్ళకు చెబుతోందో, దేవుడికి పెట్టుకుంటోందో మాకు తెలిసేది కాదు. నేను మాత్రం ప్రతిసారీ “ఆఁ, నాయనమ్మా” అన్నాను. ఆ గొంతుతో నన్ను పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి బయట అందరూ ఒకరికొకరు వందనాలు చెప్పుకుంటుంటే, ఇప్పటికీ తల అటూ ఇటూ తిప్పుతూనే ఉంటాను. మెడనొప్పి వస్తుందని మా ఆవిడ వేళాకోళం చేస్తుంది.

ఇప్పుడు మైలేజీ సారు కుర్చీలో నేను కూర్చుంటున్నాను. రిత్విక్ అంటే నేనేనని నా చెవులు కూడా ఒప్పుకున్నాయి. మొన్నొకరోజు భద్రాచలం నుంచి ఎవరో కుర్రాడు, ఉద్యోగం కోసమనుకుంటాను, ఫోన్ చేసి చాలా మర్యాదగా “వందనం సార్” అన్నాడు. ఆలోచించే వ్యవధి కూడా లేకుండా నా నోరు “ఆఁ, నేనే. చెప్పు” అనేసింది.

“రిత్విక్ సార్ లేరా సార్?” అన్నాడు భయంభయంగా.

“ఉన్నడు, ఉన్నడు” అన్నాను. “గాయన కూడ నేనే.”